నిద్రమానినందుకు చప్పట్లు

అక్కా,

పిల్లల ఐసీయూలో ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసి వస్తూ, స్కూటర్ మీదే కునుకు పట్టి నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ మీ ఆసుపత్రివాళ్లు డాక్టర్ల ఆరోగ్యం మీద సభ పెట్టి మమ్మల్నీ పిలిచారు. నిద్రమాని పనిచేసిన నీ అంకితభావం అందరికీ ఆదర్శమన్నాడు పెద్ద డాక్టరు. అందరూ చప్పట్లు కొట్టారు. అంత మంచి మాటను ఎంత తప్పుకు కప్పాడో!

మరమగ్గం నడిపే నాన్న లేచి నిలబడ్డాడు.

"మా కార్ఖానల ఎవనికన్న కండ్లు మూతలు వడితే, సేటు సాంచె బందువెట్టి ఇంటికి తోలుతడు. బట్ట ఖరాబైతదని భయం. గీడ పసిపిల్లల పానాలున్నయి గద సారూ! నా బిడ్డనెందుకు తోలలేదు?"

"క్యా బోలా?" ఏమన్నాడని, తెలుగు రాని పెద్ద డాక్టరు నన్నడిగాడు.

నాన్న మాటలను మెత్తబరిచి చెప్పడం నాకు అలవాటు. ఇవాళ ఒక్క మాటా తగ్గించకుండా హిందీలో చెప్పాను. వెనక వరుసలో, నీతో డ్యూటీలు చేసిన డాక్టరమ్మ కూర్చునే నిద్రపోతోంది.

"ముందు ఆమెను ఇంటికి పంపండి. బండి తాళాలు మాత్రం ఇవ్వకండి" అన్నాను.

నీ చెల్లి