డిక్కీలో నాపబండలు

ఆదివారం, రాత్రి

నా పాత ఫియట్‌ను ఈరోజు అనంతగిరి ఘాట్‌లో దోస్తు రఫీక్ అంబాసిడర్‌తో పోటీకి దించాను. ఓడితే అమ్మేస్తానని ఇంట్లో మాటిచ్చాను. మలుపుల్లో అతని బండి పడవలా ఊగింది, నాది గీత గీసినట్టు తిరిగింది. ఎత్తు మొదలయ్యాక మాత్రం నాది ఆయాసపడింది, రఫీక్ దాటిపోయాడు.

పైన నీళ్ల సీసా కోసం డిక్కీ తెరిస్తే లోపల నాలుగు నాపబండలు. తాండూరు రోడ్డు గుంతల్లో బండి వెనక ఎగరకుండా మేమంతా వేసుకునేవే. తీయడం మరిచాను.

రఫీక్ నవ్వాడు. "గిన్ని బండలు మోస్కుంట గుట్టెక్కింది. గిసొంటి బండిని అమ్ముతవారా?"

అమ్మను. కానీ మలుపుల్లో గెలిపించింది ఆ బరువేనేమో... ఈసారి రెండు బండలు తీసి, రెండు ఉంచి చూస్తాను.