చెన్నప్ప మీద పడ్డ వాసన

2017 ఏప్రిల్ 9

శాస్త్ర చరిత్రలో ఇది గొప్ప దినం. దేవసూగూరులో, పదడుగుల అద్దె గదిలో, నా మంచం కింద వాటర్ క్యాన్‌లో బీరు పులుస్తోంది. కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు మీద నీళ్లు టెస్టు చేసే నాకు, చదివిన కెమికల్ ఇంజనీరింగ్ ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. మొలకెత్తిన జొన్నలు ఎండబెట్టి, దంచి, ఉడికించాను. పులవడానికి వేసిన ఈస్టు రాయచూరు బేకరీది. బీరులో వేసే హాప్స్ పూలు దొరకలేదు. చేదు కోసం మెంతులు వేశాను. దేవుడు క్షమించుగాక.

మొన్న మొలకలు మిద్దె మీద ఆరబోస్తుంటే ఇంటి ఓనరు యంకవ్వ చూసి, ఏంది తమ్మీ ఇవి అంది. కడుపుల మంట, డాక్టరు మాల్ట్ తాగమన్నడని చెప్పాను. అయ్యో, తల్లి దగ్గర లేని పోరడు అంటూ తానే కూర్చుని కలియబెట్టింది.

ఏప్రిల్ 14

క్యాన్ గుడగుడమంటోంది. హుక్కా తాగే నవాబుతో గది పంచుకున్నట్టుంది.

ఏప్రిల్ 19

సీసాల్లో పోసి మూతలు బిగించాను. గ్యాసు కోసం వేసిన చక్కెర కొలవలేదు. నేను కళాకారుణ్ణి.

ఏప్రిల్ 23, సాయంత్రం

పొద్దున కరెంటు పోయింది. ఫ్యాను లేక గది పొయ్యి అయింది. నేను డ్యూటీలో ఉండగా కొన్ని సీసాలు పేలాయి. నా గదికీ ఓనర్ల ఇంటికీ మధ్య ఒక గోడ, దానికో వెంటిలేటర్. వాసనంతా అటు పోయింది.

అటువైపు యంకవ్వ భర్త చెన్నప్ప నైట్ షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతున్నాడు. పోయిన జాతరలో సూగురేశ్వరుని తేరు తాడు పట్టుకుని తాగుడు మానేసిన మనిషి. అంతకుముందు తాగొచ్చి కొట్టిన దెబ్బకు యంకవ్వ ఎడమచెయ్యి ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

నేనొచ్చేసరికి సంతకు పోయిన యంకవ్వ తిరిగొచ్చి వాకిట్లో అరుస్తోంది. తేరు తాడు పట్టి ఒట్టేస్తివి గదరా, మళ్లీ షురూ జేసినవా అని. సూగురప్ప ఆన, చుక్క ముట్టలే, పేలిన సప్పుడుకు లేసిన, గంతే అంటాడు ఆయన. ఇంక ఎన్ని ఆనలు తింటవు అంటుంది ఆమె. హఠాత్తుగా నావైపు తిరిగింది. చదువుకున్నోనివి, నువ్వే చెప్పు తమ్మీ, ఇంట్ల వాసన వస్తున్నదా లేదా అని.

వస్తోంది అన్నాను.

నా జీవితంలో చెప్పిన అతి నీచమైన నిజం.

ఏప్రిల్ 24

యంకవ్వ యరగేరకు, అన్న ఇంటికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 25

మిగిలిన సీసాలన్నీ బాత్రూంలో పారబోశాను. గది ఫినాయిల్‌తో కడిగాను. పారబోసే ముందు ఒక గుక్క తాగి చూశాను. బాగుంది. బాగుండకపోతే బాగుండేది.

ఏప్రిల్ 27

మెట్ల మీద చెన్నప్ప. నేను తాగలే సారూ అన్నాడు. తెలుసు అన్నాను. ఎట్ల తెలుసని అడగలేదు. నమ్మెటోడు ఒక్కడన్న ఉన్నడు అని కళ్లు తుడుచుకున్నాడు. హోటలుకు తీసుకెళ్లి చాయ్ తాగించాడు.

తాగాను. మిర్చి భజ్జీ కూడా తిన్నాను.

ఏప్రిల్ 30

యరగేర వెళ్లాను. బస్సులో ఒక గంభీరమైన ఉపన్యాసం తయారు చేసుకున్నాను. యంకవ్వ ముందు నిలబడితే రెండు ముక్కలే వచ్చాయి. బీరు నాది. వాసన నాది.

నా చేత ఆరబోయించిన జొన్నలు అవ్వేనా అంది. అవును అన్నాను. నా మొగడు అట్ల మొత్తుకుంటుంటే నీ నోట్ల ఏం పెట్టుకుంటివిరా అంది. తర్వాత తనే, ఆయన్ను నమ్మకపోతిని గదా, రేపే పోత అంది.

మే 1

యంకవ్వ వచ్చింది. గడపలోనే ఆగింది, వెనక నేను. లోపల చెన్నప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చీప్ లిక్కర్ వాసన వాకిలి దాకా కొడుతోంది.

ఆమె నామీదికి తిరిగింది. ఇంక పారబోయలేదా ఆ దరిద్రం, ఇల్లంత కంపు అని.

చెన్నప్ప నా మొహమే చూస్తున్నాడు.

ఇప్పుడే పారబోస్తానక్కా అన్నాను.