మిగిలిన సగం జమ్ము

అమ్మకు,

మహాపరాధిని అయిన నేను, సిగ్గుతో తల వంచుకుని, ఆ వంచిన తల కాగితానికి ఆనించి, మెడ పట్టేసినా లెక్కచేయకుండా రాసుకుంటున్న క్షమాపణ ఇది. తమ అన్నగారి మనసు నొప్పించాను. మడుగు మిత్రుల బృందం పరువు తీశాను. ఒక ఇనప పడవని నిలువునా ముంచాను. ఇన్ని ఘనకార్యాలు ఒక్క మనిషి ఎలా చేశాడా అని నాకే ఆశ్చర్యంగా ఉంది. ఎందుకంటే వీటిలో ఒక్కటి కూడా నేను చేయలేదు.

ఇక్కడ అందరం కులాసా. అత్తయ్య మోకాలు కాస్త నయం. మామయ్య బాగున్నాడు, మామయ్య కోపం ఇంకా బాగుంది. నా కోపానికి కూడా మంచి ఆకలి వేస్తోంది. నీ నడుం నొప్పి తగ్గిందా? వార్డులో డ్యూటీ మార్పించుకున్నావా? ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నేను మొదలుపెట్టగానే అక్కడ నిన్ను పేషెంటు పిలుస్తాడు, ఇక్కడ మామయ్య చెవి గోడకి అతుక్కుంటుంది. అందుకని ఉత్తరం.

నీ ప్రశ్నలకి వరసగా జవాబులు.

పడవ ముంచావా? లేదు. ముంచింది మన మందుల షాపాయన. కొడవలి పట్టుకుని ఫోటో దిగాలని గట్టు మీది నుంచి పడవలోకి ఎగిరి దూకాడు. ఆయన ఒళ్ళు నీకు తెలుసు. అడుగున అతుకు ఊడి, ఆయన నవ్వు మొహం అలాగే ఉండగా పడవ కిందికి దిగిపోయింది. అందరూ చూశారు. కానీ మామయ్య 'అతుకు ముందే ఎవరో వదులు చేశారు' అని నా వైపు తిరగ్గానే, చూసినవాళ్ళందరికీ ఒకేసారి చూపు మందగించింది.

మామయ్యని అందరి ముందూ 'పట్టకారు' అన్నావా? అన్నది డ్రాయింగ్ టీచరమ్మ. ఆవిడని మామయ్య ఏమీ అనలేడు, మామయ్య క్లినిక్ లో ఆవిడ పంటి వైద్యం ఇంకా సగంలో ఉంది. నేనన్నది ఇంతే: 'మామయ్యా, అది నోరు కాదు, మడుగు. కనపడిందల్లా పీకకండి.' ఇది తిట్టు ఎలా అవుతుందో నువ్వే చెప్పు.

మామయ్యతో ఎందుకు మాట్లాడటం లేదు? దీనికి మాత్రం కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఏడాది కిందట ఆ మడుగు ఎలా ఉండేదో నువ్వు చూశావు. పాత టైర్లు, విరిగిన కుర్చీలు, ఒకసారి ఏకంగా ఫ్రిజ్. రక్షిత ప్రాంతం అని బోర్డు ఉండేది, సరిగ్గా ఆ బోర్డు వెనకే చెత్త పోసేవాళ్ళు. మామయ్య తన దగ్గరికి పంటి నొప్పితో వచ్చినవాళ్ళని కుర్చీలో వెనక్కి వాల్చి, నోట్లో దూది కుక్కి, 'ఆదివారం మడుగు దగ్గరికి వస్తున్నారు కదా' అని అడిగేవాడు. నోట్లో దూది ఉన్నవాడు కాదని ఎలా అంటాడు? బృందం అలా పుట్టింది.

వెక్కిరించడం నా వృత్తి అనుకో, కానీ ఇది వెక్కిరింత కాదు. మామయ్య లేకపోతే ఆ పని జరిగేది కాదు. మోకాలి లోతు బురదలోకి మొదట దిగింది ఆయనే. నీళ్ళని కప్పేసిన గుర్రపుడెక్క లాగీ లాగీ అందరి అరచేతులూ బొబ్బలెక్కాయి. వానలు వెళ్ళేసరికి నీళ్ళు తేటపడ్డాయి. మధ్యలో నిలువెత్తున పెరిగిన జమ్ము గడ్డిలోకి నీటికోళ్ళు వచ్చాయి. నల్లటి ఒళ్ళు, నుదుటి మీద ఎర్రటి బిళ్ళ, ఎవరితోనో వాదన గెలిచి వస్తున్నట్టు తలాడిస్తూ ఈదుతాయి. మొదటి జత కనపడిన రోజు మామయ్య నా భుజం మీద చెయ్యి వేసి, 'మన ఇంటికి చుట్టాలొచ్చార్రా' అన్నాడు. అందుకే అమ్మా ఇంత మంట. ఊరూ పేరూ లేనివాడు పాడుచేస్తే తిట్టుకుని ఊరుకుంటాం. బాగుచేసిన చేత్తోనే పాడుచేస్తే ఎవరిని తిట్టాలి?

బృందానికి ఏడాది నిండుతోందని వార్షికోత్సవం తలపెట్టారు. ఇలాంటి మడుగులన్నిటి మీదా అధికారం ఉన్న పెద్దావిడ ముఖ్య అతిథి. గట్టు మీద కొత్తగా కట్టిన చెక్క మంచె ఎక్కితే, ఆవిడకి అవతలి గట్టు దాకా నీళ్ళు తళతళా మెరుస్తూ కనపడాలట. అడ్డంగా జమ్ము ఉంది. 'గార పట్టిన పళ్ళలా ఏమిటిది' అన్నాడు మామయ్య. అంతే.

జమ్ములో ఎడమ సగం కోసిన ఆదివారం నేను ఇంటర్వ్యూకి వెళ్ళాను. ఉద్యోగమూ రాలేదు, తిరిగొచ్చేసరికి జమ్మూ లేదు. గట్టు మీద తడి కుప్ప. టీచరమ్మ ఆ కుప్పలోంచి ఒక్కో గూడే తీసి పక్కన పెడుతోంది. ఆకులతో అల్లిన పళ్ళేల్లా ఉన్నాయవి. చాలావాటిలో గుడ్లు చితికిపోయి, పచ్చసొన ఆకులకి కారి ఉంది. ఒకదాంట్లో మాత్రం చితకని గుడ్డు దొరికింది. అవతల జనం భుజాల మీద చేతులేసుకుని ఫోటో దిగుతున్నారు. నీళ్ళ మీద ఒక నీటికోడి, జమ్ము ఉండిన చోట, అక్కడక్కడే తిరుగుతోంది.

ఆ గుడ్డు తీసుకెళ్ళి మామయ్య చేతిలో పెట్టాను. 'అయ్యయ్యో' అన్నాడు. మొహం నిజంగానే చిన్నబోయింది. హమ్మయ్య, మనిషి మనిషే అనుకున్నాను. తర్వాత గుడ్డు నాకిచ్చేసి, రుమాలుతో వేళ్ళు తుడుచుకుని, 'మిగిలిన సగం వచ్చే ఆదివారం కానిచ్చేద్దాం. సగం కోసి వదిలేస్తే మరీ అసహ్యంగా ఉంటుంది' అన్నాడు.

అప్పటి నుంచి, అమ్మా, జమ్ము గురించి తప్ప నాకు ఆయనతో మాట్లాడటానికి నోరు రావడం లేదు. పళ్ళ డాక్టరు ఇంట్లో ఉంటూ నోరు పడిపోవడం ఏమిటని నవ్వకు.

మధ్యలో క్లినిక్ ముందు గదిలో మీటింగు పెట్టారు. మిగిలిన సగంలో కూడా గూళ్ళున్నాయని టీచరమ్మ చెప్పింది.

'పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి ఈత నేర్చుకునే దాకా ఆగుదాం మామయ్యా' అన్నాను నేను.

'అతిథి ఆగదురా.'

'వేడుకే వెనక్కి జరపండి.'

'ఎవరి కోసం? కోళ్ళ కోసమా?'

మందుల షాపాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. 'మీ వాడు జోకులు భలే వేస్తాడండీ డాక్టరుగారూ!' పుట్టి బుద్ధెరిగాక నేను జోకు వేయని మొదటి రోజు అది. చేతులెత్తమంటే నావీ టీచరమ్మవీ తప్ప గదిలో ఉన్న చేతులన్నీ కోతకే లేచాయి. నిన్న మొన్నటి దాకా బొబ్బలెక్కిన చేతులే అవి.

ఆ ఆదివారమే పడవ మునిగింది. జమ్ము దగ్గరికి పడవలో తప్ప వెళ్ళలేరు కాబట్టి కోత ఆగింది, తప్పు నా నెత్తిన పడింది, నీకు ఫిర్యాదు చేరింది. పై ఆదివారానికి ఇంకో పడవ మాట్లాడేశారు. కొడవళ్ళు నూరి మన వరండాలోనే పెట్టారు. నేను రోజూ వాటిని దాటుకుని గదిలోకి వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడు నీకింకా చేరని వార్త. మొన్న గురువారం సాయంత్రం నేనూ అత్తయ్యా క్లినిక్ లో కూర్చుని ఉండగా పెద్దావిడ స్వయంగా ఫోన్ చేసింది. చేతికి గ్లౌజులున్నాయని మామయ్య స్పీకరు పెట్టమన్నాడు.

'డాక్టరుగారూ, మీ మాటలే నా మనసులో తిరుగుతున్నాయి. గూళ్ళున్నాయని వేడుకనే రెండు నెలలు జరపమన్నారు చూడండీ, మీలాంటి వాళ్ళు ఎక్కడుంటారు! పైగా చేసిన తప్పు అంత నిజాయితీగా ఒప్పుకోవడం... మీటింగుల్లో అందరికీ మీ గురించే చెబుతున్నాను.'

మామయ్య మొహంలో ఎన్ని రంగులు మారాయో చెప్పలేను. చివరికి ఒక రంగు దగ్గర ఆగాడు. 'అబ్బే, ఏదో... మన బాధ్యత కదండీ' అన్నాడు.

ఫోన్ పెట్టాక అత్తయ్య అడిగింది, 'మీరెప్పుడు మాట్లాడారండీ ఆవిడతో?'

'మాట్లాడే ఉంటాను. రోజుకి ఎన్ని ఫోన్లు!'

'ఏం తప్పు ఒప్పుకున్నారు?'

'పెద్దవాళ్ళ మధ్య సవాలక్ష ఉంటాయి. నువ్వు టీ పెట్టు.'

మర్నాటికల్లా వరండాలో కొడవళ్ళు మాయం. గట్టు మీద బోర్డు వెలిసింది: 'గూళ్ళున్నాయి. నెమ్మదిగా మాట్లాడండి.' కింద మామయ్య పేరు, పక్కన డిగ్రీలతో సహా. మందుల షాపాయన ఇప్పుడు ఊరందరికీ నీటికోళ్ళ గురించి పాఠం చెబుతున్నాడు, గట్టు మీద నేను తుమ్మితే కసిరాడు. నన్ను మాత్రం ఇప్పటికీ పడవ ముంచినవాడిగానే చూస్తున్నారు. మామయ్యకి క్షమాపణ చెప్పమని నువ్వు రాశావు. చెప్పను. ముంచని పడవకి చెప్పను, అనని మాటకి చెప్పను.

చేసింది ఒక్కటే ఉంది, అది నీకొక్కదానికే చెబుతున్నాను. నీటికోడి పిల్లలు ఈదేదాకా నీ నోటి నుంచి బయటికి పొక్కకూడదు. పొక్కితే జమ్ము మిగలదు.

చిన్నప్పుడు నాన్న గొంతుతో స్కూలుకి ఫోన్ చేసి మా అబ్బాయికి జ్వరమని చెబితే, నువ్వు నా వీపు విమానం మోత మోగించావు. ఆ విద్య నేను మరిచిపోలేదు. బుధవారం మధ్యాహ్నం మామయ్య భోజనానికి వెళ్ళాక, క్లినిక్ ఫోన్ లోంచి, మామయ్య గొంతుతో, పెద్దావిడకి ఫోన్ చేసింది నేనే. వేడుక వాయిదా వేయమని చెప్పి పెట్టేద్దామనే అనుకున్నాను. కానీ ఆవిడ, 'ఇప్పటిదాకా ఏమీ కోయలేదు కదా?' అని అడిగింది. లేదని చెప్పొచ్చు. మామయ్య అయితే అదే చెప్పేవాడు. నేను మాత్రం, ఆయన గొంతుతోనే, ఆయనలాగే ఒకసారి దగ్గి, 'కోశామండీ. సగం కోశాం. గుడ్డు నా చేతిలో పెట్టి చూపించారు కూడా. తప్పు చేశాను' అన్నాను.

ఆ గొంతులో ఆ మాట ఎంత బాగుందో అమ్మా. ఆయనే అని ఉంటే ఇంకా బాగుండేది.

ఇట్లు,
నీ కొడుకు,
తమ అన్నగారికి ఇప్పటికైతే మేనల్లుడు