మందుగుండు మోసిన ఓడ

విశాఖపట్నం,
మార్చి 4, 2025

జయంతికి,

ఫోన్లు ఒడ్డున లాకర్లో పెట్టి ఓడెక్కాలి కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. చేతిలో ఫోనున్నా ఈ సంగతి నోటితో చెప్పలేను.

ఈ నెలాఖరున మా ఓడను నౌకాదళ సేవ నుంచి తప్పిస్తున్నారు. ఆ రోజు పంచే చిన్న పుస్తకానికి ఓడ చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. పాత రికార్డులన్నీ చదివాను. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఫిరంగి గుండ్లు, క్షిపణులు అందించడం దీని పని. ముప్పై ఏళ్లలో తాను మాత్రం ఒక్క గుండూ పేల్చలేదు. మందుగుండు ఎక్కించేటప్పుడు ఎర్ర జెండా ఎగరేస్తాం. అది చూసి మిగతా ఓడలు దూరంగా జరుగుతాయి. రేవులోనూ అందరికీ ఎడంగానే లంగరు వెయ్యాలి. పండగలకు వేరే ఓడల మీదికి కుటుంబాలు వచ్చేవి. మా ఓడ మీదికి ఎప్పుడూ రానివ్వలేదు.

నేను ఎక్కాక జరిగినవాటిలో రాయదగ్గవి మూడు. 2014 తుపానుకు మందుగుండు దించేసి బియ్యం, మంచినీళ్లు మోశాం. 2017లో అండమాన్ దారిలో ఇంజను ఆగిపోయి వారం రోజులు తేలుతూ ఉన్నాం. 2020లో కరోనా అని ఒడ్డుకు రానివ్వక లంగరు మీదే గడిపాం.

జూన్‌లో సర్వీసు ముగించుకుని నేను ఇంటికి రావలసింది. కొత్త మందుగుండు ఓడ మీద ఇంకో రెండేళ్లు పనిచేస్తానని సంతకం పెట్టాను. నిన్ను అడగలేదు.

పోయిన దీపావళికి వచ్చినప్పుడు గోడ అవతల నుంచి అమల నీతో అన్నది: "మీ ఆయన వచ్చినాడంట కదే జయంతీ, ఇంగ నీకు పండగే."

"ఏం పండగ లేక్కా. చుట్టమొచ్చినట్టు ఉండాది. పొయ్యేదాకా మర్యాద చెయ్యాల" అన్నావు నువ్వు. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను పెరట్లో మొహం కడుక్కుంటున్నాను.

ఇక్కడ నాకొక పడక ఉంది. నేను కనబడకపోతే వెతికేవాళ్లున్నారు.

ఆఖరి రోజు ఓడ ఖాళీగా ఉంటుంది కాబట్టి కుటుంబాలను రానిస్తారట. అంత దూరం నీకు కష్టం. లోహితను అడిగానని చెప్పు.

మునిచంద్ర

పలమనేరు,
మార్చి 11

లోహిత వాళ్ల నాయనకు,

ఆ మాట అన్నాను. ఆ పొద్దు మీరు మన వంటింట్లోనే నిలబడి "చక్కెర డబ్బా యాడ పెట్టినారు?" అని అడిగారు. కాకరపూవొత్తి ముట్టించబోయిన లోహితను, ఇంటి దగ్గర నిప్పు వద్దని వీధి చివరిదాకా తరిమారు. "నాయన పొయినాక కాలుస్తాలేమ్మా" అన్నది అది. అమల ముందర నేను నవ్వక ఇంకేం చెయ్యాలి?

ఓడ చరిత్ర బాగుంది. మీరు బియ్యం మోస్తున్నప్పుడు చిత్తూరు ఆసుపత్రిలో లోహిత పుట్టింది. ఆపరేషన్‌కు భర్త సంతకం అడిగితే మా నాయన పెట్టాడు. ఇంజను ఆగిన వారమే మీ అమ్మను తిరుపతి ఆసుపత్రిలో చేర్చాను. కళ్లు తెరిచినప్పుడల్లా "మునిచంద్ర వచ్చినాడా?" అనేది. "బస్సెక్కినాడంట అత్తా, వస్తా ఉండాడు" అనేదాన్ని. మీరు రాలేదని మీకు తెలుసు. నేను అట్లా చెప్పానని తెలియదు. ఆమె నా మాట నమ్మి, వాకిలి వైపు చూస్తూనే పోయింది. 2020 సంగతి రాయను. అప్పుడు అందరిదీ అదే గతి.

ఇవి మీ పుస్తకంలో వెయ్యమని కాదు. ఇంట్లో మీకు పని లేదనుకున్నారు కాబట్టి రాశాను.

నెలాఖరుకు లోహితను తీసుకొని వస్తున్నాను. తిరుపతిలో రైలెక్కుతాం. ఓడ చూడాలన్న ఆశ దానికి ఉంది, నాకు లేదు. మీరు ఏ ఆఫీసరు ముందర సంతకం పెట్టారో ఆయనను ఆ రోజు నాకు చూపించండి. దాన్ని వెనక్కి ఎట్లా తీసుకోవాలో నేను అడుగుతాను. మీరు నోరు తెరిచి అడగలేరు.

జయంతి