గార్డు వెలిగించిన మంట

అడవి ఆఫీసరు బాబుగారికి, మేకలు కాసుకునే ముసలిది దండం పెట్టి రాయిస్తున్న సంగతి.

అడవిలో నిప్పు రాజేశాడని మా గార్డును ఉద్యోగంలోంచి తప్పించి ఇంట్లో కూర్చోబెట్టారట. ఇదేం న్యాయం బాబూ? ఆ నిప్పు అడిగింది నేను. ఆ రోజు కొండ మీద వానలో తడిసి నా కోడలు చలికి కొయ్యబారిపోయింది, నా అగ్గిపెట్టె ముద్దయిపోయింది. అతను జేబులోంచి వేలెడంత ఇనప కడ్డీ తీశాడు.

"మేకుతో మంటేమిటిరా, మతి పోయిందా?" అని తిట్టాను.

"ఇది మేకు కాదు, చెకుముకి కడ్డీ. కాస్త ఊరుకో అవ్వా" అంటూ కడ్డీని కత్తి వీపుతో గీకి, బండ మీద పెట్టిన ఎండు పీచులోకి రవ్వలు రాల్చి మంట అంటించాడు. వెళ్లేముందు నీళ్లు పోసి ఆర్పి, బూడిదలో చెయ్యి పెట్టి చూసి మరీ లేచాడు. ఆ రోజు నీలమెక్కిన నా కోడలి వేళ్లే ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నాయి.

ఆ కడ్డీ నాకే ఇచ్చేశాడు. "కొత్తది కొంటే పొట్టిదైనా లావుపాటిది చూసుకో. పై నలుపు గీకేస్తేనే రవ్వ వస్తుంది. తడిస్తే తుడిచి దాచుకో" అన్నాడు. కన్నకొడుకు కూడా నాకింత ఓపిగ్గా ఏదీ చెప్పలేదు. అతని మేలు చచ్చినా మరువను.

అతన్ని మా కొండకు తిరిగి పంపండి. తప్పు ఒప్పుకున్న కాగితం ఒకటి మీ ఫైల్లో ఉండి తీరాలంటే, ఇదిగో, కింద నా వేలిముద్ర.