చుక్కాని ఎవరి చేతిలో ఉంది

1978 డిసెంబరు 8, శుక్రవారం. పుంగనూరు

క్లబ్బు తెరచాప పడవలు రెండూ చెరువులో దించాం. రెండు రోజుల శిక్షణ. వచ్చే నెల పోటీకి ఎవరు వెళ్లేదీ ఆదివారం తర్వాత శిక్షణ ఇచ్చే సారు తేలుస్తారు. నాకు జోడీ రెడ్డప్ప. ముందే చెప్పేశాను — మన పడవలో దొర లేడు, కూలీ లేడు, చుక్కాని గంటకొకరు పట్టాలి. నవ్వాడు. "సరేలేప్పా. ఆ మాట గాలిక్కూడా చెప్పు."

డిసెంబరు 9

కొండ వైపు నుంచి గాలి. పొద్దున్నుంచి మూడుసార్లు తిరిగింది. నేను చదివిన పుస్తకంలో ఇట్లాంటి గాలి లేదు. రెడ్డప్ప తెరచాప వైపే చూడడు. కళ్లంలో రాగులు తూర్పారబట్టి పెరిగినవాడు — చెవి వెనక చల్లబడితే చాలు, పడవ తిప్పేస్తాడు. రెండు పందేలూ మావే.

గట్టు మీద బట్టలుతికే ఆమె: "ఈ గట్టునించి ఆ గట్టుకు పోయేదానికి ఇంత గుడ్డ యాలప్పా? నడిస్తే ఈపాటికి పోయుందురు గదా!"

గంట కాగానే చుక్కాని నాకిచ్చేశాడు. అడక్కుండానే.

డిసెంబరు 10

రాయాలి. రాయకుండా ఉండలేను.

చివరి పందెం. చుక్కాని వాడి వంతు. గాలి పడిపోయింది. రెండో పడవ మమ్మల్ని దాటుతోంది. తిప్పమన్నాను. "ఉండప్పా... ఇంగో గాలి వస్తాండాది." నాకు ఒళ్లు మండింది. "నీ ముహూర్తం దాకా కూర్చోవాల్నా?" అని అరిచి, వాణ్ని పక్కకు తోసి చుక్కాని లాక్కున్నాను. తిప్పాను.

వాడు చెప్పిన గాలి వచ్చింది.

తెరచాప అడుగు కర్ర ఒక్క ఊపున ఇటు తిరిగి, తెరచాప స్తంభాన్ని బిగించి కట్టిన ఇనుప తీగకు కొట్టుకుంది. ఆసరాకు తీగ పట్టుకున్న వాడి కుడిచెయ్యి మధ్యలో. "అమ్మా" — అంతే.

ఒడ్డున సారు అడిగారు, చుక్కాని ఎవరి చేతిలో ఉంది? నేను నోరు తెరిచేలోపే — "నాదే తప్పు సార్. నేనే తిప్పినా."

తెరిచిన నోరు మూసుకున్నాను.

డిసెంబరు 11. మదనపల్లె

రెండు వేళ్లు తీసేశారు.

డిసెంబరు 13

క్లబ్బు బోర్డు మీద, పోటీకి వెళ్లేవాళ్లలో నా పేరు ఉంది. నాకు కొత్త జోడీ. రెడ్డప్పను అజాగ్రత్త కింద క్లబ్బులోంచి తీసేశారు.

చౌడేపల్లె బస్సెక్కాను. వాళ్ల నాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "మావోడు తప్పుగా తిప్పినా నువ్వే గట్టుకు చేర్చినావంట గదా నాయనా." ఇంట్లోనూ అదే అబద్ధం చెప్పాడు! వాళ్లమ్మ వాడికి సంగటి ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. ఇరవై ఏళ్లవాడు, నా ముందు సిగ్గుపడి తల తిప్పుకున్నాడు.

ఆమె లోపలికి వెళ్లాక అడిగాను. "యాల చెప్పినావురా అట్లా?"

"చెయ్యి ఎట్నో పాయె గదప్పా. ఇద్దరం యాల మునగల్ల?"

కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి లాక్కుని, మెల్లగా — "నువ్వు కాదంటావేమో అని సూసినాలే."

డిసెంబరు 15

సారు ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చారు. "పాపం, రెడ్డప్ప మంచోడే. తొందర మనిషి" అన్నారు. పెత్తనం, అన్యాయం అంటూ సభల్లో గొంతు చించుకునే నేను... టీ తాగి వచ్చేశాను.

డిసెంబరు 16

మళ్లీ వెళ్లాను. తాళం. కుప్పం వెళ్లారట, సోమవారం వస్తారట. కాగితం మీద రాశాను — 'చుక్కాని నేను లాక్కున్నాను. రెడ్డప్ప వద్దన్నాడు.' సంతకం చేసి తలుపు సందులో దూర్చాను. లోపలికి పూర్తిగా పోలేదు. సగం బయటే ఉంది. వేలితో తోస్తే పోతుంది. లాగినా వస్తుంది.

ఎదురింటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కాగితం ఇక్కడికి కనిపిస్తూనే ఉంది...