గదిలో నేనొక్కడినే

శనివారం,
మధ్యాహ్నం డ్యూటీ దిగాక

చిరంజీవి పిచ్చుకకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మ కులాసా. నేను కులాసా అని రాయాలంటే సోమవారం దాటాలి.

వచ్చే నెల నువ్వూ ఆన్‌లైన్ కాలేజీలో చేరుతున్నావు కదా, నేనెలా నెగ్గుకొస్తున్నానో రాయమని అడిగావు. నాకు మాటలు తక్కువ. రోజువారీ పుస్తకం ముందు పెట్టుకుని, అందులో ఉన్నదే రాస్తున్నాను.

మొదటి రోజు: కూర్చున్నది ఐదున్నర, లేచినది ఏడూ పది, అర్థమైనది సగం. రెండో రోజు: అర్థమైనది పావు. వీడియో నడుస్తుంటే చదువు నడుస్తోందనుకున్నాను. కాదు. మధ్యమధ్య ఆపి, విన్నది నీ సొంత మాటల్లో రాసుకో. రోజూ అదే కుర్చీ, అదే వేళ. సెలవు రోజున అంతా ఒకేసారి లాగించేద్దామనుకుంటే బుర్ర మొరాయిస్తుంది.

ఇంకో తప్పు చెబితే నవ్వుతావు. నాలుగు వారాల హోంవర్క్ గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో రాసి, అయిపోయిందని టిక్కు పెట్టుకున్నాను. అది వాళ్లకు పంపాలని తట్టనే లేదు. అటువైపు నాలుగు సున్నాలు. అసలు మీరు క్లాసులో ఉన్నారా అని టీచరమ్మే మెసేజ్ పెట్టింది. సిగ్గుతో రెండు రోజులు జవాబివ్వలేదు. ఇచ్చాక, ఈ మాట ముందే అడగొచ్చుగా బాబూ అని గడువు పెంచింది. నువ్వు మాత్రం మొదటి వారంలోనే అడిగెయ్.

ఇక అసలు సంగతి. పది రోజుల క్రితం సర్టిఫికెట్ పరీక్ష రాశాను. కెమెరా ముందు, గదిలో ఒంటరిగా కూర్చుని రాయాలి. నిన్న కాలేజీ నుంచి మెయిల్ వచ్చింది. నా గదిలో రెండో గొంతు వినిపించిందట. సోమవారం పదకొండింటికి ముగ్గురి ముందు వీడియోలో సంజాయిషీ చెప్పుకోవాలి. నమ్మకపోతే పరీక్ష రద్దు. మీ అమ్మకింకా చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు కడిగి ఆవిరి పట్టే ఆ గదిలో నాకు ఇరవై రెండేళ్లు. ఆ పని ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. సర్టిఫికెట్ లేనివాళ్లను నెలాఖరుకల్లా అక్కణ్ణించి తీసేసి దుప్పట్లు మడతపెట్టే చోటికి పంపుతారు. సూపర్‌వైజర్ మంచివాడే, కానీ నా చేతుల్లో ఏం లేదన్నాడు. నా జోడీ పనివాడికి ఈ మెయిల్ సంగతి తెలియదు. ఏం గురూ, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మీ ఆవిడ చేత పెట్టిస్తావా అని ఇవాళ కూడా ఆటపట్టించాడు. నవ్వాను. తర్వాత ట్రేలో కత్తెరలు రెండుసార్లు లెక్కపెడితే రెండు లెక్కలొచ్చాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ అలా జరగలేదు.

మా పని తీరు నీకు తెలుసు. ట్రే సర్దేటప్పుడు ఒకడు కత్తెర అని పైకి చదువుతాడు, రెండోవాడు ఉంది అంటాడు. ఆ ఉంది వినపడందే నా చెయ్యి కదలదు. పరీక్షలోనూ ప్రశ్నలు పైకి చదివి, ఉంది అని నేనే అనుకున్నాను. మెషిన్ దాన్ని రెండో గొంతనుకుని ఉంటుంది. గదిలో నేనొక్కడినే. పుస్తకంలో ఆ తేదీ కింద అదే రాసి ఉంది. సోమవారం అదే చెబుతాను.

నిన్న మెయిల్ చదివాక ల్యాప్‌టాప్ మూసి పైన తువ్వాలు కప్పాను. అయినా దానికి వీపు పెట్టి కూర్చోలేకపోతున్నాను.

నువ్వు పరీక్ష రాసేటప్పుడు తలుపు గడియ వేసుకో. మర్చిపోకు.

ఇట్లు,
మీ నాన్న

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. గడియ మాట ఊరికే రాయలేదు.

పదిహేడో ప్రశ్నలో ఒక ట్రే బొమ్మ ఇచ్చారు. అందులో ఏం తక్కువైందో చెప్పాలి. ఉన్నవన్నీ పైకి చదివాను. మళ్లీ చదివాను. తట్టలేదు. ఓరగా వేసిన తలుపు అవతల మీ అమ్మ ఉంది. ఎనిమిది నెలలు కాగితాలు పట్టుకుని నాచేత పాఠాలు అప్పజెప్పించుకున్న మనిషి. ఉండబట్టలేక, ఆ రంగు మారే పట్టీ ఏదండీ అనేసింది. ఆవిరి సరిగ్గా తగిలిందో లేదో ఆ పట్టీని చూసే తెలుసుకుంటాం. నేను జవాబుగా అదే గుర్తు పెట్టాను. ఇంకాసేపు ఆగితే నాకే తట్టేదేమో. అది తెలుసుకునే దారి ఇక లేదు.

ఇప్పుడే వెళ్లి ఆమెకు మెయిల్ సంగతి చెప్పాను. సోమవారం రెండు కుర్చీలు వేయండి, నా నోటి దురద సంగతి నేనే చెప్పుకుంటాను అంది. నువ్వొద్దు, నేను చెబుతాలే అన్నాను. చెప్పేవాళ్లయితే ఈ పది రోజులూ కాలేజీకి ఎందుకు చెప్పలేదు అంది. రెండో కుర్చీ తెచ్చి వేశాను.

పట్టీ రంగు మారని ట్రేను ఏ రోజూ ఆపరేషన్ గదికి పంపలేదు. పుస్తకం తీసి, గదిలో నేనొక్కడినే అన్న వరుస కొట్టేసి, పైన ఇద్దరం అని రాశాను. వరుసల మధ్య చోటు చాలక అక్షరాలు ఇరుకైపోయాయి. చదవడానికి వీలుగానే ఉన్నాయి.